చేతులు లేని తొమ్మిది నిమిషాలు

నేను ఒక వీడియోని. నాలో ఒక తల్లి తొమ్మిది నిమిషాలపాటు తన కూతురితో మాట్లాడింది. ఆ మాటలు ఇప్పుడు నా దగ్గర లేవు. ఎలా పోయాయని అడిగితే చెప్పగలను గానీ, తెచ్చి ఇవ్వలేను. నా గోడంతా అదే.

నేను పుట్టింది విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి వార్డులో, కిటికీ పక్క మంచం దగ్గర. మంచం మీద కూర్చున్నామె కళావతి. పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. ఆ పూట ఆమెకు గుండె ఆపరేషన్. ఒక్కగానొక్క కూతురు ఢిల్లీశ్వరి కూడా తల్లిలాగే చెవిటిది. ఎక్కడో దూరాన బధిరుల పాఠశాల హాస్టల్లో ఉండి పదో తరగతి పరీక్షలు రాస్తోంది. చదువు చెడుతుందని పిల్లకు ఆపరేషన్ సంగతి చెప్పనివ్వలేదు కళావతి. చెప్పాలనుకున్నదంతా నాకు చెప్పింది, ఆఖరి పరీక్ష అయ్యాక చూపించమని.

ఫోను పట్టుకున్నది ఆమె తమ్ముడు తవిటినాయుడు. అతని చెవులు బాగానే పనిచేస్తాయి. అక్క పక్కనే పెరిగాడు గానీ ‘తిన్నావా’, ‘రా’, ‘పడుకో’ అన్న సైగలు దాటి నేర్చుకోలేదు. తల్లీకూతుళ్ళ మధ్య నడిచేది బళ్ళో నేర్పే సైగలు కూడా కాదు, ఇంట్లో ఇద్దరూ కూర్చుని అల్లుకున్నవి. లోకం మొత్తం మీద ఆ భాష వచ్చినవాళ్ళు ఇద్దరే. అక్క వేళ్ళు గబగబా ఆడుతున్నంతసేపూ తవిటినాయుడు ఆమె ముఖమే చూస్తూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

అప్పటికి నేను దివ్యంగా ఉన్నాను. ఆమె చిటికెన వేలి గోరు మీద చెరిగిన గోరింటాకు కూడా నాలో కనిపించేది. గిగాబైటుకు పైన బరువు. హాస్టల్లో పిల్లల చేతికి ఫోన్లు ఇవ్వరు. పంపితే బడి ఆఫీసు మెయిల్‌కు పంపాలి. ఆ మెయిలేమో ఇరవై అయిదు ఎంబీలు దాటితే గుమ్మం తొక్కనివ్వదు. అక్కను లోపలికి తీసుకెళ్ళగానే, వార్డు బయట ఊరికే కూర్చోలేక, తవిటినాయుడు నన్ను జేబులో వేసుకుని ఎదురు సందులోకి వచ్చాడు. అక్కడ పెళ్ళి వీడియోలు తయారుచేసే జోగారావు కొట్టు ఉంది.

“బాబూ, మా అక్క మాట్నాడింది. మెయిల్లో ఎల్లేలాగ సెయ్యాల. బొమ్మ మాత్రం పాడవకూడదు,” అన్నాడు.

“నాకొగ్గీ, నాను సూసుకుంతాను. ఫుల్ హెచ్‌డీ ముట్టుకోను. అది తగ్గిస్తే బొమ్మ సిన్నదైపోద్ది, సూసినోలు నవ్వుతారు,” అన్నాడు జోగారావు.

నా చావు ఆ మాటలోనే ఉంది. నా వెడల్పూ ఎత్తూ ఒక సంగతి, దాన్ని రిజల్యూషన్ అంటారు. నన్ను పోషించడానికి సెకనుకు ఎంత డేటా ఇస్తారన్నది ఇంకో సంగతి, అది బిట్‌రేట్. ఫైలు చిన్నది కావాలంటే డేటా తగ్గక తప్పదు. అప్పుడు ఒళ్ళు కూడా తగ్గించాలి. గరిటెడు పిండి చిన్నగా పోస్తే అట్టవుతుంది, పెనమంతా లాగితే చిల్లులే మిగులుతాయి. జోగారావు పెనమంతా లాగాడు.

అంతటితో ఆగితే జోగారావు ఎందుకవుతాడు? ఉన్న డేటాలో మూడో వంతు తీసి శబ్దానికి పెట్టాడు. నాలో ఉన్న శబ్దం ఆసుపత్రి ఫ్యానుది! అది బాగాలేదని తీసేసి, దాని బదులు వేణుగానం పెట్టాడు. ఇద్దరు చెవిటివాళ్ళ మధ్య వేణుగానం! రెండు మూలల్లోనూ గులాబీ రేకులు రాలేలా చేశాడు. ఈ రేకులకు అతను విడిగా ఏమీ తీసుకోడట, అభిమానమట.

కదలనిదాన్ని చూపడానికి నాకు పెద్దగా ఖర్చుండదు. కిందటి క్షణపు బొమ్మనే మళ్ళీ చూపిస్తే సరిపోతుంది. కదిలేదానికి మాత్రం క్షణక్షణం కొత్తగా పెట్టాలి. నాలో కదిలేవి కళావతి చేతులు. వాటికి దక్కాల్సింది కొంత వేణువు తినేసింది, కొంత రేకులు తినేశాయి. వేళ్ళు ఒకదానిలో ఒకటి కరిగి, గళ్ళు గళ్ళుగా చెదిరి, ముద్దయిపోయాయి. వద్దు బాబూ, నన్ను చిన్నగా చెయ్యండి, అరచేతంత చేసినా సరే, ఆ వేళ్ళు ఉంచండి అని మొత్తుకున్నాను. నా మొర వినేదెవరు?

“ఓపాలి సూసుకో,” అన్నాడు జోగారావు.

తవిటినాయుడు చూశాడు. చెవులున్నవాళ్ళు చూసినట్టే చూశాడు, ముఖం వంక. ముఖం కదలదు కాబట్టి చక్కగానే ఉంది.

“మొకం తేటగా ఉన్నాది బాబూ. మా అక్కే,” అని కళ్ళొత్తుకుని, నన్ను మెయిల్ చేయించాడు. ఇంతలో ఆసుపత్రి నుంచి మందుల చీటీ ఫోటో వస్తే ఫోనులో చోటు లేదంది. చిన్నది ఉండగా పెద్దదెందుకని నా అసలు రూపాన్ని చెరిపేశాడు. జోగారావు తన కంప్యూటర్లో ఉన్నదాన్ని అలవాటు ప్రకారం అప్పటికే తీసేశాడు.

కళావతి ఆపరేషన్ బల్ల మీదనుంచి లేవలేదు.

బడివాళ్ళు ఆ మెయిల్ తెరవనేలేదు. ఈలోపే చావు కబురు అంది, పిల్లను ఇంటికి పంపేశారు. అంటే నన్ను అంతగా కుదించింది ఎవరికీ అక్కరకు రాలేదు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు పిచ్చెక్కుతుంది.

పెద్దకర్మ అయ్యాక తవిటినాయుడు తన ఫోను పిల్ల చేతిలో పెట్టాడు. ఢిల్లీశ్వరి చూసింది. ఫోను దగ్గరగా తీసుకుని చూసింది. వెలుతురు పెంచి చూసింది. చున్నీ చెంగుతో ఫోను అద్దం తుడిచి చూసింది. తర్వాత ఆ ఫోనులోనే అక్షరాలు కొట్టి మేనమామకు చూపించింది: ‘మామయ్యా, అమ్మ చేతులు ఏవి?’

అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పిల్ల చెయ్యి పట్టుకుని బయలుదేరాడు.

ఇద్దరూ జోగారావు కొట్టుకు వచ్చారు. పిల్ల తెర మీద ఆ ముద్దను వేలితో చూపిస్తే, అతను మొదటిసారి చేతుల వంక చూశాడు. పాపం, చెడ్డవాడు కాడు. పోయినవి తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లన్నీ పెట్టి డిస్కంతా వెతికాడు. నేనుండిన చోట ఎవరిదో పెళ్ళి భోజనాల పంక్తి కూర్చుని ఉంది.

“బొమ్మ సిన్నది సేసుంటే సేతి ఏళ్ళు దక్కేవి. మొకం బాగుంటే సాలనుకున్నాను తల్లీ,” అన్నాడు తల పట్టుకుని. ఆ మాట పిల్లకు వినపడదని కూడా అతనికి తోచలేదు.

“అక్క ఏటి సెప్పిందో నాను ఎదురుగా నిలబడి సూసినాను. నాకేటీ తెలవదు,” అని తవిటినాయుడు కొట్టులోనే భోరుమన్నాడు. చెప్పిన మనిషి లేదు, చూసిన మనిషికి తెలియదు, పట్టుకున్న నేను పోగొట్టుకున్నాను.

ఒక్క చోట మాత్రం నేను నేనుగా ఉన్నాను. చివర కళావతి చెప్పడం అయిపోయింది. తవిటినాయుడికి కన్నీళ్ళలో ఆపే బొత్తాం దొరకలేదు. అతను తడుముకున్నంతసేపూ ఆమె చూపుడువేలు ఎడమ చెంపకు ఆనించి, కదలకుండా కూర్చుంది. చిన్నప్పుడు ఢిల్లీశ్వరి చెంపకు రోజూ దిష్టిచుక్క పెట్టేది ఆమె. ఆ చోట వేలు ఆనించడమే వాళ్ళ సైగల్లో కూతురికి పేరైంది. ఆ వేలు కదలలేదు కాబట్టి గోరింటాకుతో సహా నాకు దక్కింది.

ఇప్పుడు నేను ఢిల్లీశ్వరి ఫోనులో ఉంటున్నాను. పిల్ల రోజూ నన్ను గోడకు ఆనించి, ఎదురుగా కూర్చుంటుంది. తల్లి చేతులు ముద్దగా చెదురుతుంటే, ఆ చెదిరినచోటల్లా తన చేతులు ఆడిస్తుంది. ఒకరోజు ఆ చేతులు కోప్పడతాయి, ఒకరోజు బుజ్జగిస్తాయి. కళావతి నిజంగా ఏమందో అది కాదేమో, అదేనేమో, నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. తొమ్మిదో నిమిషం చివర తల్లి వేలు చెంప మీదికి వస్తుంది. కూతురి వేలు కూడా అక్కడికే వస్తుంది. నేను ఆగిపోయి, తెర నల్లబడ్డాక కూడా పిల్ల ఆ వేలు తీయదు.