ఎడమవైపు వెనక టైరు

మల్లికార్జున్ టైర్లు మార్పిద్దామనుకున్నది అక్క మీద జాలితో. కారుకు ఆ అవసరం ఉందని అతను అనుకోలేదు.

పైకప్పు తెరుచుకునే ఆ రెండు సీట్ల కారును పోయినేడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. దానికి స్టెప్నీ లేదు, పెట్టడానికి చోటూ లేదు. బదులుగా రన్-ఫ్లాట్ టైర్లున్నాయి. వాటి పక్కలు ఎంత మందమంటే, గాలి పూర్తిగా పోయినా బరువు మోస్తూ ఎనభై కిలోమీటర్ల దాకా లాక్కుపోతాయట. రోడ్డు పక్కన నిలబడి ముక్కూ మొహం తెలియనివాళ్ళను సాయమడగాలంటే అతనికి ప్రాణం పోయినట్టుంటుంది. అలాంటి మనిషికి అంతకన్నా ఏం కావాలి? ఇరవయ్యేళ్ళుగా కౌన్సెలింగ్ చేస్తూ ఊళ్ళోవాళ్ళ గోడంతా వింటున్నాడు. తన గోడు మాత్రం ఎవరి చెవినా పడనివ్వడు.

బావ పోయాక, ప్రతి ఆదివారం అక్క వరూధినిని పక్కన కూర్చోబెట్టుకుని బెంగళూరు పొలిమేర అత్తిబెలె దాకా హైవే మీద వెళ్ళి కాఫీ తాగి రావడం అలవాటైంది. మూడు వారాల కిందట దారిలో ఆమె ఉన్నట్టుండి అంది.

"మల్లీ, నా పక్క కుంగుతా ఉండాదిరా."

"రోడ్డట్లుంది అక్కా."

"రోడ్డు ఇద్దరికీ ఒకటే కదప్పా. నీ పక్క కుంగలేదే?"

కారు తిన్నగా పోతోంది. స్టీరింగు ఏ వైపూ లాగడం లేదు. ముందు అద్దం కింద టైరు గుర్తు పసుపురంగులో వెలిగిన మాట నిజమే. పాత కార్లలో అలా ఊరికే వెలుగుతుందని ఎవరో చెప్పగా విన్నాడు. రీసెట్ మీట నొక్కాడు, దీపం ఆరిపోయింది. నాలుగు రోజులకు మళ్ళీ వెలిగితే మళ్ళీ ఆర్పాడు.

అక్క మాట మాత్రం ఆరలేదు. తర్వాతి ఆదివారం ఆమె దారి పొడుగునా తలుపు పిడి పట్టుకునే కూర్చుంది. అప్పుడతను మెల్లగా నచ్చజెప్పాడు. ముప్పై రెండేళ్ళు బావ పక్కన కూర్చుని తిరిగావు, ఆ ఆసరా పోయింది, మనసు ఒప్పుకోలేనిదాన్ని ఒళ్ళు చెబుతోంది అన్నాడు. చెప్పిన తీరు అతనికే నచ్చింది. లెక్కల టీచరుగా పనిచేసినన్నాళ్ళూ రుజువు చూపందే దేన్నీ ఒప్పుకోని వరూధిని, తమ్ముడు చదువుకున్నవాడని తల ఊపింది.

పోయిన గురువారం ఫోన్ చేసింది.

"ఇంట్లో కుర్చీలో కూర్చున్నా కుంగినట్టే ఉండాదిరా. ఏది నిజమో, ఏది నా భ్రమో తెలీకుండా పోతా ఉండాది. నాకేమన్నా అయ్యిందా మల్లీ?"

ఆమె గొంతులో అంత భయం అతనెప్పుడూ వినలేదు. తెలిసిన మానసిక వైద్యుడి దగ్గర సోమవారానికి సమయం తీసుకున్నాడు. ఆదివారం కారెక్కనని ఆమె చెప్పేసింది. మామూలు టైర్లు మెత్తగా పోతాయి, కుదుపు తగ్గితే భయమూ తగ్గుతుందేమోనని శనివారం పొద్దున కాడుగోడిలో టైర్ల దుకాణానికి వెళ్ళాడు.

దుకాణం తిరుపాలుది. కదిరి నుంచి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు.

"మెత్తగా పోతాది సార్, అది నిజమే. కానీ పంక్చరైతే నిలబడాల్సిందే. పంక్చరు మూసే మందు సీసా, గాలి పంపు బండిలో పెట్టుకోండి. దానికీ లొంగకపోతే ఎవురినన్నా పిల్చుకోవాల."

"అదే నాకు నచ్చనిది."

"ఎవురినీ పిలవనోళ్ళు బెంగళూరులో ఎట్ల బతుకుతారు సార్?" అని నవ్వుతూ జాకీ ఎత్తాడు.

మూడు టైర్లు సులువుగానే వచ్చాయి. నాలుగోది ఎడమవైపు వెనకది. ఆ కారులో సీట్లు వెనక చక్రాలకు ఆనుకునే ఉంటాయి కాబట్టి, వరూధిని కూర్చునేది దాదాపు దాని మీదే. దాన్ని రిమ్ము నుంచి విడిపించిన తిరుపాలు లోపల చెయ్యి పెట్టి, పిడికిలి నిండా నల్లటి పొడి తీసి చూపించాడు.

"ఎన్ని దినాలయ్యింది సార్ దీంట్లో గాలి పోయి?"

"గాలి పోలేదే. పైకి బాగానే ఉందిగా!"

"ఇదో, స్క్రూ దిగింది. కొంచెం కొంచెంగా పోయింటాది. మీరు ఉత్త టైరు మీదే తిరిగినారు. లోపలంతా నలిగి పిండయింది. దీపం ఎలగలేదా?"

"వెలిగింది. రీసెట్ చేశాను."

"గాలి పట్టకుండా రీసెట్ చేస్తే, ఆ తక్కువ గాలే సరైన లెక్క అనుకుంటాది సార్ బండి. మామూలు టైరైతే మొదటి దినమే కూలబడి గుడ్డోనికైనా తెలిసిపోతాది. ఇది గట్టిది, పైకి తెలీనీదు. ఇంకొక్కసారి హైవే ఎక్కింటే పేలిపోయేది." తిరుపాలు పొడి దులుపుకున్నాడు. "తోలేవాళ్ళకు తెలీకపోయినా ఈ పక్క కూర్చున్నోళ్ళకు తెలిసుండాలే. ఎవురూ చెప్పలేదా?"

"చెప్పింది," అన్నాడు మల్లికార్జున్. "రెండుసార్లు చెప్పింది."

అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

"అక్కా, నీ పక్క కుంగింది నిజమే. టైర్లో గాలి లేదు. నీకేం కాలేదు, తప్పంతా నాది."

వరూధిని ఒకటే మాట అంది.

"ఆ టైరు పారేయొద్దని చెప్పు. నేనొస్తా ఉండా."

గంట లోపే మెట్రో దిగి వచ్చింది. టైరు ముందు గొంతుక్కూర్చుని లోపల చెయ్యి పెట్టింది. పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసుకుంది. కళ్ళు తుడుచుకోబోతే బుగ్గకు నల్లగా అంటింది.

"ఇంతుండాదా!" అంది. ఆ మాటలో కోపం లేదు, ఊపిరాడిన మనిషి నిట్టూర్పు ఉంది.

"క్షమించు అక్కా. సోమవారం డాక్టరుకు వద్దని చెప్పేస్తా."

"ఎందుకూ? నువ్వు పో."

తిరుపాలు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె లేచి తమ్ముడి భుజం పట్టుకుంది.

"మీ బావ లేడని నాకు దినమూ తెలుస్తానే ఉండాది మల్లీ. అది వేరే. ఏడుపొస్తే ఏడుస్తా ఉండా. దానికీ దీనికీ ముడిపెట్టబాకు."

మల్లికార్జున్ తల ఊపాడు. ఇన్నేళ్ళలో ఎంతమంది మాటల్ని ఇలాగే నున్నగా సర్ది వాళ్ళకే తిరిగిచ్చాడో! సిగ్గుగా అనిపించింది. సిగ్గు కన్నా ఎక్కువగా, ఆమె తన పక్కన ప్రాణాలతో నిలబడి చివాట్లు పెడుతుంటే కడుపు నిండినట్టుంది. రేపు కారెక్కనని ఆమె మొండికెయ్యకపోతే ఈ టైరు ఇవాళ ఇక్కడిదాకా వచ్చేది కాదు. తిరుపాలుకు రెండు చేతులూ జోడించాడు.

"నాకేంటికి సార్? అమ్మకు పెట్టండి," అన్నాడతను కొత్త టైర్లకు గాలి పడుతూ.

తిరుగుదారిలో పైకప్పు తీసేశారు. కొత్త టైర్లు గతుకులను మెత్తగా మింగుతున్నాయి. కిలోమీటరు పోయారో లేదో వరూధిని అంది.

"మల్లీ, ఆపు."

ఎందుకని అడగలేదు. ఓరగా తీసి ఆపాడు. వెనక ఆటోవాడు కన్నడంలో తిట్టిపోశాడు. మల్లికార్జున్ దిగి నాలుగు టైర్లనూ చేత్తో నొక్కి చూసి, ఎడమవైపు దాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏం చేస్తా ఉండావురా ఆడ?" అక్క పైనుంచి తొంగిచూసింది. "బండి బాగుండాది. ఆ అవ్వ దగ్గర జామకాయలు దోరగా ఉండాయని ఆపమంటి."

అతను మోకాళ్ళ దుమ్ము దులుపుకుని లేచి, జామకాయలు కొనడానికి వెళ్ళాడు.