ఇంటిపేరు ఒకటే

ప్రొద్దుటూరులో ఒక టీబీ ల్యాబులో ఇరవయ్యారేళ్ళుగా పనిచేస్తున్న సైదున్నీసాకు మనుషుల తెలివి మీద పెద్ద గౌరవం లేదు. కళ్ళె తెమ్మంటే ఉమ్మి తెచ్చేవాళ్ళ మీద అసలే లేదు. పొద్దున లేస్తూనే నోరు పుక్కిలించి, గుండెల్లోంచి దగ్గి తీసి ఈ డబ్బాలో వెయ్యండి నాయనా అని రోజుకు నలభైసార్లు చెబుతుంది. చెప్పినంతసేపూ గంగిరెద్దుల్లా తలలూపుతారు. మరునాడు నీళ్ళలాంటి ఎంగిలి తెచ్చి బల్ల మీద పెడతారు. ఒకాయన వక్కాకు నమిలి ఎర్రటి ఉమ్మి తెచ్చి, రక్తం పడుతోందని బావురుమన్నాడు. సున్నం కొంచెం తగ్గించుకోమని చెప్పి పంపించింది.

డాక్టర్ల చేతిరాత ఆమెకు చులకన. ల్యాబు గుమ్మంలోనే దగ్గి, గుమ్మంలోనే ఉమ్మే పెద్దమనుషులు ఇంకా చులకన. అందరికన్నా చులకన, పరీక్ష సగం నేర్చుకుని బోర్డు రెండింతలు పెట్టుకునే ప్రైవేటు ల్యాబులవాళ్ళు.

అలాంటి ఒక బోర్డు కింద రాసిన కాగితం పట్టుకునే మునెమ్మ వచ్చింది. జమ్మలమడుగు మనిషి, యాభై దాటింది. ఒక బడిలో తొమ్మిదేళ్ళుగా మధ్యాహ్న భోజనం వండుతోంది, నూటపన్నెండు మంది పిల్లలకు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం బయటే నిలబడింది. మూడు వారాలుగా దగ్గు. ఊళ్ళో జయప్రకాష్ ల్యాబులో కళ్ళె చూపించుకుంటే టీబీ అని రాసిచ్చాడు. ఆ కాగితం సంగతి తెలిసిన రోజే హెడ్మాస్టరు వంటగది తాళంచెవి తీసేసుకున్నాడు.

"మా ఊర్లో పెండ్లి అయినా, దినం అయినా నా చేతి వంట కావాలనేటోళ్ళు మేడం," అంది. "ఇప్పుడు నా చేతి అన్నం తినేదానికి మనిషి లేడు. మా మనమడు గూడా నేను ముట్టిన గిన్నె కడుక్కోని పెట్టుకుంటాండాడు."

సైదున్నీసా ఓదార్చే మనిషి కాదు. డబ్బా చేతికిచ్చింది. మునెమ్మ మరునాడు అసలైన కళ్ళె తెచ్చింది, చిక్కగా, చెప్పినంత. ఆ ఒక్కదానికే సైదున్నీసాకు ఆమె మీద గౌరవం పుట్టింది.

స్లైడు మీద పూసి, ఎర్రరంగు పోసి, వేడి చేసి, యాసిడ్‌తో కడిగింది. మిగతా క్రిములన్నీ యాసిడ్ తగలగానే రంగు వదిలేస్తాయి. టీబీ క్రిమి వంశం మాత్రం ఒకసారి ఎరుపు పట్టిందంటే వదలదు. మొండి వంశం. మైక్రోస్కోపు కింద వంద చోట్ల వెతికింది, ఎర్రకడ్డీలా కనబడే ఆ క్రిమి ఒక్కటీ లేదు. టీబీ జన్యువును వెతికే మెషిన్‌లో పెట్టింది. అదీ లేదంది. మళ్ళీ ఇంకొకరోజు కళ్ళె తీసుకుని చూసినా అదే మాట. మునెమ్మకున్నది కంప కట్టెల పొయ్యి ముందు తొమ్మిదేళ్ళు పొగ మింగిన దగ్గు.

మరి జమ్మలమడుగులో ఆ ఎర్రకడ్డీలు ఎక్కడినుంచి వచ్చాయి? సైదున్నీసాకు అనుమానం వచ్చింది. అనుమానం వస్తే ఆమె ఊరుకోదు. ఇంట్లో ఒక కోడిగుడ్డు కొట్టి, తెల్లసొన డబ్బాలో పోసి, శుద్ధి చేసిన నీళ్ళు రెండు చుక్కలు కలిపి, మీద తన పేరు, వయసు రాసి, తెలిసినవాళ్ళ చేత జయప్రకాష్ ల్యాబుకు పంపింది. సాయంత్రానికి ఫోనుకు రిపోర్టు వచ్చింది. సైదున్నీసా, యాభైనాలుగేళ్ళు, టీబీ పాజిటివ్. కింద రంగుల్లో ఒక ఊపిరితిత్తుల బొమ్మ, నవ్వుతున్న కుటుంబం బొమ్మ కూడా ఉన్నాయి.

శనివారం సెలవు పెట్టి మునెమ్మను వెంటేసుకుని జమ్మలమడుగు బస్సెక్కింది.

జయప్రకాష్ ఒకప్పుడు ఆమె దగ్గరే ఆరునెలలు పని నేర్చుకున్నాడు. గురువును చూసి కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు. ఫోనులో రిపోర్టు చూపించి, ఈ పేషెంటు బతికి బట్టకడుతుందా అని అడిగింది. అతను పేరు చదివి, ఆమె మొహం చూసి, అయ్యో మేడం, మందులు మొదలుపెట్టినారా అని నిజంగానే దిగులుపడ్డాడు.

"టీబీ నాకు కాదప్పా," అంది సైదున్నీసా. "కోడిగుడ్డుకు."

తర్వాత స్లైడు ఎక్కడ కడుగుతావో చూపించమంది. సింకు పైన కొళాయి, కొళాయికి ఒక రబ్బరు గొట్టం, గొట్టం లోపల పచ్చటి పాచి. మేడ మీదికెక్కింది. ట్యాంకుకు మూత లేదు. లోపల చెయ్యిపెడితే జారిపోయేంత జిగురు. ఎప్పుడు కడిగించావంటే, కట్టించిన కొత్తలో అన్నాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అంటే ఇదే. కింద గాజు తలుపులు, ఏసీ, దేవుడి పటానికి సీరియల్ లైట్లు. పైన ఇది.

ఆ కొళాయి నీళ్ళు నాలుగు చుక్కలు ఉత్త స్లైడు మీద ఆరబెట్టి, అతని రంగులే వేయించి, అతని మైక్రోస్కోపులోనే అతన్ని చూడమంది. కన్ను పెట్టినవాడు కాసేపటిదాకా తీయలేదు. ఎర్రకడ్డీలు.

"ఎర్రగా ఉంటే టీబీనే గదా మేడం," అన్నాడు నెమ్మదిగా. "మీరే నేర్పిచ్చినారు."

"ఎర్రగా ఉంటే ఆ వంశమని నేర్పిస్తి. దాంట్లో నూటికి పైగా దాయాదులుండారు. మట్టిలో కొందరు, నీళ్ళలో కొందరు. ఊపిరితిత్తులు ముందే పాడైనోళ్ళకు అప్పుడప్పుడు కీడు చేస్తాయి గానీ, లేకుంటే వాటి పాటికి అవి బతుకుతాంటాయి. పులివెందులలో నీ ఇంటిపేరోడు ఎవుడో గొర్రెల్ని దొంగిలిస్తే, పోలీసోళ్ళు వచ్చి నిన్ను కొట్టల్లనా? ఉత్త నీళ్ళ స్లైడు ఒకటి రోజూ పక్కన పెట్టి చూడమంటి. ఒక్కనాడన్నా పెట్టినావా?"

జయప్రకాష్ తన రిపోర్టు తప్పని కాగితం మీద రాసి, మునెమ్మ చేతికిచ్చాడు. ఈ నెలలో పాజిటివ్ అని చెప్పినవాళ్ళందరినీ పిలిచి ప్రొద్దుటూరు పంపించమని సైదున్నీసా ఆ జాబితా కూడా రాయించుకుంది. పదకొండు మంది. ఆ పదకొండు ఇళ్ళల్లో ఎన్ని గిన్నెలు వేరుగా కడుగుతున్నారో అనుకుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అక్కడినుంచి బడికి. హెడ్మాస్టరు బదరీనారాయణ మంచి మనిషే, మంచితనమంతా జాగ్రత్తకే ఖర్చయిపోయిన మనిషి. మునెమ్మను వరండాలోనే ఆపి, కాగితాలు రెండు వేళ్ళతో పట్టుకుని చదివాడు. అంతా బాగుంది గానీ, దీంట్లో టీబీ క్రిమి కనబడలేదని మాత్రమే ఉంది, ఆమె ఒంట్లో ఏ క్రిమీ లేదని రాసిస్తే తల్లిదండ్రులకు సమాధానం చెప్పుకుంటానన్నాడు.

ఏ క్రిమీ లేని ఒళ్ళు శ్మశానంలో కూడా దొరకదని సైదున్నీసా నోటిదాకా వచ్చింది. మింగేసి, పిల్లలు తాగే ట్యాంకు ఎక్కడుందని అడిగింది. చూపించాడు. ఆ నీళ్ళు తీసుకుపోయి రంగు వేసి చూస్తానని, దాంట్లో ఎర్రకడ్డీలు కనబడితే మునెమ్మకు పెట్టిన న్యాయమే బడికీ పెట్టి ఆయనే తాళం వెయ్యాలని చెప్పింది.

"ఇంకొక మాట సార్," అంది. "రేపు ఆయమ్మకు నిజంగానే టీబీ వచ్చినా, అది గాలిలో వస్తాది. అన్నంలో రాదు. చదువు చెప్పేటోళ్ళు, మీకు నేను చెప్పల్లనా?"

బదరీనారాయణ ట్యాంకు వైపు ఒకసారి చూశాడు. సోమవారం నుంచి రమ్మని తాళంచెవి ఇచ్చేశాడు. చేతికివ్వలేదు, కిటికీ గట్టు మీద పెట్టాడు. తిరుగు బస్సు ఎక్కేదాకా సైదున్నీసా ఆ కిటికీ గట్టును తిడుతూనే ఉంది. చదువుకున్న గాడిదలు, సంతకం ఉన్న కాగితాన్ని నమ్మరు, వేళ్ళు చెప్పింది నమ్ముతారు అంది.

పదిరోజుల తర్వాత ఒక మధ్యాహ్నం మునెమ్మ మళ్ళీ ప్రొద్దుటూరు వచ్చింది. ఈసారి కొంగు నోటికి లేదు. బడిలో పిల్లలు తింటున్నారని, మొదటిరోజు ముప్పై మందే తిన్నా నిన్నటికి అందరూ వచ్చారని, మనవడు గిన్నె సంగతి మరిచిపోయాడని చెప్పింది. చెబుతూ సంచిలోంచి డబ్బా తీసి ల్యాబువాళ్ళ భోజనాల గది బల్ల మీద పెట్టి మూత తీసింది. చిత్రాన్నం, పైన వేయించిన శెనిక్కాయలు. ఇంకా వెచ్చగా ఉంది.

"నీకోసమే చేసినా మేడం. తిను."

సైదున్నీసా చెయ్యి చాచింది. చెయ్యి డబ్బా అంచుదాకా పోయి ఆగింది. ఎంతోసేపు కాదు, ఒక ఊపిరి అంతసేపు. మనసులో ఆనాటి మునెమ్మ దగ్గు వినబడింది, గుమ్మంలో కొంగు కనబడింది. స్లైడు చెప్పింది, మెషిన్ చెప్పింది, తన సంతకమే చెప్పింది. చెయ్యి వినలేదు.

మునెమ్మ ఆ చేతినే చూస్తోంది. తొమ్మిదేళ్ళు పిల్లల పళ్ళాల ముందు నిలబడ్డ మనిషి, తినబోయే చెయ్యి ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలియకుండా పోదు.

"ఆ కాగితం రాసింది నువ్వే గదమ్మా," అంది. కోపంగా అనలేదు.

సైదున్నీసా తిన్నది. డబ్బా ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. మునెమ్మ ఉప్పు సరిపోయిందా అని అడిగి, బస్సుకు టైమైందని డబ్బా కడుక్కుని వెళ్ళిపోయింది. మొదటి ముద్ద మాత్రం చాలాసేపు దిగలేదు. అది వంట తప్పు కాదు.