ముందు నాది కట్టు

బూటు లేసులు కట్టించుకునేటప్పుడు ఆయన కిందికి చూడడు. కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటూ కాలు ముందుకు చాపుతాడంతే. ఆమె నేల మీద గొంతుక్కూర్చుని ముడి వేస్తుంది. పెళ్లైన కొత్తలో ముచ్చటపడి ఒకసారి కట్టింది మహాతల్లి, ఇక అది ఆమె మెడకే చుట్టుకుంది. చొక్కా గుండీలు, టై, బెల్టు అన్నీ ఆమే. చేతులు రెండూ పైకెత్తి నిలబడితే చాలు, ఆయన పని జరిగిపోతుంది.

"టీవీ వాళ్ల ముందు నువ్వు మధ్యలో దూరి ఏదో ఒకటి వాగకు," అన్నాడు. "కాఫీలిచ్చి కూర్చో. అడిగితే 'ఆయన వల్లే బతికాను' అను, చాలు."

ఆమె రెండో కాలి ముడి బిగించింది.

ఆ ఓడ పేరెత్తితే ఇవాళ్టికీ జనం అయ్యో అంటారు. అది మునిగి పాతికేళ్లవుతోందని టీవీ వాళ్లు బతికి బయటపడ్డవాళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుతున్నారు. ఈ ఇంట్లో ఆ కథ చెప్పేది ఎప్పుడూ ఆయనే. చెల్లెలికీ భార్యకీ లైఫ్ జాకెట్లు తన చేత్తో కట్టాడట. భార్య భయంతో కొయ్యబారిపోయిందట. ఆమెను పడవలోకి లాగేలోపల చెల్లెలు అలల్లో కొట్టుకుపోయిందట. అక్కడికి రాగానే ఆయన గొంతు వణుకుతుంది, వింటున్నవాళ్లు ఆమె వైపు ఒక చూపు చూస్తారు.

అత్తగారిది పోయేదాకా ఒకటే పాట. "నా పిల్లను నీళ్లపాలు చేసి తను మాత్రం నిక్షేపంలా వచ్చింది." ఓడ మునిగిన మర్నాడు, ఆమె ఇంకా ఆస్పత్రి మంచం మీద ఉండగానే ఆయన ఆమె చెవిలో చెప్పాడు, "జరిగిందేదో జరిగింది. ఇంటి గుట్టు రచ్చకెక్కితే అమ్మ బతకదు." సరేనంది. అమ్మ బతికింది. రోజూ కోడల్ని చంపుతూ నిండా బతికింది.

అదంతా మింగింది కానీ మేనకోడలి మాట ఒక్కటే గొంతు దిగలేదు. తల్లి ఆ ఓడలో పోయేనాటికి అది అమ్మమ్మ దగ్గర వదిలిన పసిగుడ్డు. పెంచింది ఈమే. పదో క్లాసులో ఏదో గొడవలో, "నువ్వంత పిరికిదానివి కాకపోతే మా అమ్మ ఉండేది అత్తా," అనేసింది. కాసేపటికి తనే వచ్చి, "పోన్లే, భయం ఎవరికుండదు," అని క్షమించింది కూడా. ఆ తిట్టయినా అరిగింది కానీ ఆ క్షమించడం అరగలేదు.

ఇవాళ ఆ పిల్ల ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చింది, సోఫా చివర కూర్చుంది. కెమెరా ముందు ఆయన చెప్తున్న కథ చెల్లెలి దగ్గరికి రాగానే కళ్లు తుడుచుకుంది. అత్త ఖాళీ కాఫీ కప్పులు ట్రేలోకి ఏరింది.

కథ అయిపోయాక టీవీ అమ్మాయి సంచిలోంచి ఒక పాత రకం లైఫ్ జాకెట్ తీసింది. "సార్, ఆ రోజు ఎలా కట్టారో ఒక్కసారి మీరే వేసుకుని చూపిస్తారా?"

"అదెంత పని!" అని ఆయన తల దూర్చాడు. రెండు పక్కలా తాళ్లు వేలాడాయి. ఒకటి పట్టుకుని రెండోదాని మీద వేశాడు, జారిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ జారింది. అలవాటు ఎక్కడికి పోతుంది? చేతులు రెండూ పైకెత్తి ఆమె వైపు తిరిగాడు.

"ఏమే, ఇలా వచ్చి కాస్త కట్టు."

అదే నిలబడటం. ఒరిగిన డెక్కు మీద, అరుపుల మధ్య, ఇలాగే చేతులెత్తి "ముందు నాది కట్టు!" అని అరిచాడు. ముందురోజు మెట్ల మీద పడి చెయ్యి విరిగిన ఆడపడుచు, "వదినా, నాది..." అంది. ఈమె చేతులు మాత్రం అలవాటుగా మొగుడి వైపే వెళ్లాయి. ఆఖరి ముడి పడేసరికి డెక్కు నిట్టనిలువుగా లేచింది. వెనక్కి తిరిగితే అక్కడ ఎవరూ లేరు. ఆయన అప్పటికే పడవ వైపు పరుగెత్తాడు. ఈమెను నీళ్లలోంచి లాగింది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు.

"కట్టవే, కెమెరా నడుస్తోంది," అన్నాడు ఆయన, నవ్వుతూనే పళ్లు బిగించి.

ఆమె ట్రే బల్ల మీద పెట్టింది. ఆయన దగ్గరికి వెళ్లలేదు. మేనకోడలి పక్కన కూర్చుని దాని చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజూ మీ మామయ్య ఇలాగే నిలబడ్డారమ్మా, చేతులెత్తి. ముందు ఆయనది కట్టాను," అంది. "మీ అమ్మ నా వెనకే ఉంది. విరిగిన చెయ్యి పెట్టుకుని, తన వంతు కోసం."