కమిట్ కాని పదకొండు రోజులు

నేను ఒక హార్డ్ డిస్కును. విశాఖపట్నం ఆటోనగర్‌లో, వేట పడవలకు తుఫాను హెచ్చరికలు వినిపించే పెట్టెలు చేసే చిన్న కంపెనీలో ఏడేళ్లు తిరిగాను. అంతకుముందు ద్వారకానగర్‌లో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు మోశాను. మనుషులు పెళ్లి వీడియోకు నాలుగు కాపీలు తీయించుకుని ఒక్కటైనా పూర్తిగా చూడరని అక్కడే తెలుసుకున్నాను.

స్టూడియో మూతపడ్డాక నన్ను కొన్నది ఈ కంపెనీలో పెద్ద ఇంజనీరు ఇందుమతి గారు. పెళ్లిళ్లన్నీ తుడిచేసి నాలో కెర్నల్ నింపారు. కెర్నల్ అంటే యంత్రం లేవగానే ముందు తాను మేలుకుని, తక్కిన భాగాలను పనిలో పెట్టే ప్రోగ్రాం. దాని సోర్స్ కోడ్, అంటే మనుషులు రాసిన అసలు ప్రతి, ఎక్కడో దూరదేశపు సర్వర్లలో ఉంటుంది. ఆటోనగర్ ఇంటర్నెట్‌ను నమ్ముకోవడం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే కనుక, ఆవిడ ఆ కోడ్‌ను, అందులో ఎవరెవరు ఏ వరుస ఎప్పుడు మార్చారో ఆ చరిత్రతో సహా నాలోకి దించుకున్నారు. ఇక్కడివాళ్లు చేసే మార్పులు కూడా నాలో నమోదు కావాలి. దాన్నే కమిట్ చేయడం అంటారు. పెట్టెల కోసం కెర్నల్ బిల్డ్ చేసినప్పుడు, అంటే ఆ కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చినప్పుడు, నాలో ఉన్నదే తీసుకుంటారు, నాలో లేనిది లేనట్టే. దాంతో నాకు కాస్త పొగరెక్కింది, ఒప్పుకుంటాను.

అక్కడే సూరిబాబు పనిచేసేవాడు. చెయ్యి చురుకు, ఓపిక తక్కువ. బిల్డ్ జరిగేటప్పుడు నా కోడ్‌కు ఒక నకలు తాత్కాలిక ఫోల్డర్లో పరుచుకుంటుంది. అతను నా దాకా రాకుండా ఆ నకలులోనే దిద్దేవాడు. “పనయ్యాక అంతా ఒకేసారి ఎక్కిద్దాంలే” అనేవాడు.

ఆ వేసవిలో జాలారిపేట నుంచి గరికిన ఎల్లాజీ అనే అరవై ఏళ్ల జాలరి మా పెట్టె ఒకటి పట్టుకొచ్చి, బల్ల మీద గట్టిగా కుదిపి చూపించాడు. రేడియో మూగబోయింది. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడే హెచ్చరిక అందకపోతే పడవలో వాళ్ల ప్రాణాలకు దిక్కెవరు? జూన్ పద్నాలుగున వేట నిషేధం ముగిసేలోగా ఈ లోపం పోయిన కొత్త పెట్టెలు నలభై ఇవ్వాలి.

సూరిబాబు పదకొండు రోజులు కుస్తీ పట్టాడు. దిద్దినప్పుడల్లా పెట్టెను ఎల్లాజీ తెప్ప మీద పెట్టుకుని, ఒడ్డు అలల్లో ఎగిరెగిరి పడి, మళ్లీ తెచ్చి ఇచ్చేవాడు. ఏడోసారి పెట్టె కుదుపుకు ఆగినా దానంతటదే తేరుకుని పలికింది.

ఆ సంతోషంలో సూరిబాబు, నలభై పెట్టెలకూ మొదటి నుంచి శుభ్రంగా బిల్డ్ చేద్దామని క్లీన్ కమాండ్ కొట్టాడు. తాత్కాలిక ఫోల్డర్ ఊడ్చుకుపోయింది, దానితో పాటు పదకొండు రోజుల పనీ పోయింది. బిల్డ్ చేసే కంప్యూటర్ బుద్ధిగా నా దగ్గరికి వచ్చింది. నేనూ బుద్ధిగా పాత కోడే ఇచ్చాను. కొత్త పెట్టెను కుదిపితే మూగబోయింది. సూరిబాబు ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. నా గడప తొక్కనివాడికి తగిన శాస్తి అనుకున్నాను. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది.

అతను దాచలేదు. “కమిట్ చెయ్యలేదు మేడమ్. ఏం మార్చానో సగం కూడా గుర్తు లేదండి” అన్నాడు. ఎల్లాజీ దగ్గరున్న పెట్టెలో పనిచేసే కెర్నల్ ఉంది కానీ, రుబ్బిన పిండిలోంచి పప్పు తీయలేనట్టే దానిలోంచి కోడ్ వెనక్కి రాదు. దాన్నే ఎక్కిద్దామంటే కొత్త పెట్టెల బోర్డు వేరు. ఇందుమతి గారు తిట్టలేదు. “ఎల్లాజీని పిలిపించు. ఏడుసార్లూ మోసింది ఆయనే కదా” అన్నారు.

ఎల్లాజీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. “రెండోపాలి ఎంటనే లెగిసి మళ్లీ పడిపోనాది బాబూ. నాలుగోపాలి ఎర్రదీపం ఆరింది గానీ మాట నేదు. ఏడోపాలి దీపం ఆరి, నాను సుట్ట ముట్టించుకున్నంతసేపు ఆగి, అప్పుడు పలికినాది” అన్నాడు. రేడియోను ఆపి, అంతసేపు ఆగి, తిరిగి లేపాలన్న సంగతి సూరిబాబుకు అప్పుడు గుర్తొచ్చింది. మూడు రోజుల్లో మళ్లీ రాశాడు. ఈసారి ఏ పూట పని ఆ పూటే కమిట్ చేశాడు. చరిత్రంతా నా సొత్తనుకున్న నాకు ఆ పదకొండు రోజులు తెలియవు, ఎల్లాజీకి తెలుసు. సిగ్గేసింది.

కెర్నల్ రాసేవాళ్లలో ఒక ఆచారం ఉంది. కమిట్ కింద, దాన్ని పరీక్షించినవారి పేరూ, లోపాన్ని మొదట కనిపెట్టినవారి పేరూ రాస్తారు. పరీక్షించినవారి దగ్గర ఎల్లాజీ పేరు రాసి సూరిబాబు అడిగాడు. “దీన్ని ముందు కనిపెట్టింది కూడా మీరే కదండీ?”

“నాను కాదు బాబూ. మా తమ్ముడు పోలయ్య. పోయిన కార్తీకంలో పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చినాది, పెట్టె మూగగా ఉన్నాది. ఆడు సెప్పడానికి రానేదు.”

సూరిబాబు ఇందుమతి గారి వైపు తిరిగాడు. “ఆయన పేరే రాయి” అన్నారావిడ.

నలభై పెట్టెలూ గడువుకే సముద్రం మీదికి వెళ్లాయి. రెండేళ్ల తర్వాత నాలో, డిస్కులకు ఆఖరి రోజుల్లో వచ్చే టిక్కు టిక్కుమనే చప్పుడు మొదలైంది. నాలో ఉన్నదంతా రెండు కొత్త డిస్కుల్లోకి ఎత్తి, నన్ను ఇనప బీరువా అడుగున పెట్టారు. నాకేం దిగులు లేదు. అక్కడ తయారయ్యే ప్రతి పెట్టెకూ కెర్నల్ ఇప్పటికీ ఆ చరిత్రలోంచే వస్తుంది. లోపాన్ని కనిపెట్టినవారు: గరికిన పోలయ్య. ఆ వరుస జోలికి ఎవరూ వెళ్లరు.