తుస్సు సారు యంత్రం పేలని రోజు

కోవూరులో చేపలమ్ముకుని పేరమ్మ మధ్యాహ్నం ఆటో దిగేసరికి ఇంటి తలుపు ఎప్పటిలాగే బార్లా తీసి ఉంది. ఖాళీ గంప బోరింగు దగ్గర కడిగి బోర్లించి, నీచువాసన పోయేదాకా చేతులు రుద్దుకుని లోపలికెళ్లింది. మంచం మీద అత్త ఆదిశేషమ్మ కళ్లు మూసుకుని పడుకుని ఉంది.

ఆ తలుపుకి గడియ పెట్టి రెండేళ్లు దాటింది. పేరమ్మ మొగుడు పోలేరయ్య సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగిరాని కార్తీకం నుంచీ అంతే. ఏ అర్ధరాత్రి వచ్చినా అతను తలుపు కొట్టి నిలబడకూడదని ఆమె పట్టు. కుక్కలు దూరి కూటికుండ నాకిపోయేవి. "పోతే పోనీలే, అయ్యీ ఆకలిగొన్నయ్యే" అనేది. రోజూ మొగుడి వాటా కూడు మూతపెట్టి ఉంచి, పొద్దున్నే ఆ చద్దికూడు తానే తినేది.

ఆ రోజు పులుసు కాచి, ఒక గిన్నెలో పోసుకుని తుఫాను షెల్టరుకి నడిచింది. అక్కడ తుస్సు సారు ఉంటాడు.

తుస్సు సారు టీవీలో వచ్చే నవ్వుల కార్టూన్‌లోని శాస్త్రవేత్త. ఊదారంగు జుట్టు, చేతికి నాలుగేసి వేళ్లు, ఒంటి చుట్టూ నల్లటి గీత. రోజూ ఒక యంత్రం చేసేవాడు. ఆయన మీట మీద చెయ్యి వెయ్యగానే వెనక ఎక్కడో కనపడని జనం కిసుక్కున నవ్వేవాళ్లు, యంత్రం ఢామ్మని పేలేది. మసి మొహంతో ఆయన వేలెత్తి "సిద్ధాంతం మాత్రం సరైనదే!" అనేవాడు. ఛానెల్ వాళ్లు ఆ కార్యక్రమం ఆపేసిన రోజున పేరమ్మ ఇంట్లో టీవీలోంచి కిందికి దిగి, బూట్లు గుమ్మం బయట విడిచి, "ఇక్కడ కరెంటు బాగానే ఉంటుందా అమ్మా?" అని అడిగాడు. గాలివాన లేకపోతే ఉంటుందని చెప్పింది పేరమ్మ. పాలెం వాళ్లు షెల్టరులో ఒక గది ఊడ్చి ఇచ్చారు. పక్కకి తిరిగితే కాగితమంత పలచన గనక, గాలి ఎక్కువైన రోజున ఎవరో ఒకరు ఆయన చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు.

ఇక్కడా ఆయన పద్ధతి మారలేదు. దోమల్ని తోలే యంత్రం పక్క ఊళ్ల దోమల్ని కూడా పిలుచుకొచ్చింది. చేపలెండబెట్టే యంత్రం వాటి మీద వాన కురిపించింది. మీట నొక్కకముందే పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. ఢామ్మనేది. రెప్పపాటులో మసి పోయి సారు మళ్లీ కొత్తగా నిలబడేవాడు.

ఆ ఏడు ఆదిశేషమ్మ మంచం పట్టింది. ఒకటే కలవరింత. "నేను పొయ్యేలోగా నా బిడ్డకి నీళ్లు వదలండిరా. వాడు దాహంతో తిరగతా ఉండాడు." కానీ సముద్రం ఏదో ఒక గుర్తు ఇవ్వందే ఆ పాలెంలో కర్మ చెయ్యరు. చేస్తే మొగుడు పోయినట్టేనని పేరమ్మ ఒప్పుకోదు. కడకు పాలెం పెద్దకాపు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"ఒక్కసారి ఎతికిద్దాం మే. గుర్తు దొరికితే కర్మ చేస్తాం. దొరక్కపోతే నిన్నింకెవురూ అడగరు. నీ ఇష్టమొచ్చినన్నాళ్లు కాసుకో."

"ఎవురు ఎతకాల్నో నేనే చెప్తా మామా."

"సరే, చెప్పు."

"తుస్సు సారు."

పెద్దకాపు కండువా దులుపుకుని లేచాడు. ఒప్పుకున్న మాట, కాదనలేడు. ఆయన వెళ్లాక ఆదిశేషమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. కోడలి ఎత్తు ఆమెకి తెలియకపోలేదు. ఆ సారు చేతిలో ఏ యంత్రం పనిచేసింది గనక!

"ఎతకొద్దని నోటితో చెప్పకూడదా మే" అంది.

మర్నాడే పేరమ్మ ఆ పులుసు గిన్నెతో షెల్టరుకి వెళ్లింది.

తుస్సు సారుకి విషయం చెబితే చాలాసేపు తల గోక్కున్నాడు. "మా దగ్గర ఎవరూ పోరమ్మా. పేలినా, కొండ మీంచి పడినా, మళ్లీ వచ్చేస్తాం. మీ ఆయన ఎందుకు రాలేదు?"

"నేనూ అదే గదా సారూ అడగతా ఉండేది."

పాడైపోయిన రొయ్యల చెరువు చక్రం, డిష్ గొడుగు, ఐసు పెట్టె కలిపి ఆయన యంత్రం కట్టాడు. వెతికే రోజున పాలెమంతా ఒడ్డుకొచ్చింది. ఆదిశేషమ్మని మంచంతో సహా మోసుకొచ్చారు. సముద్రంలో పోయినవాణ్ణి వెతికేటప్పుడు ఒడ్డున నోరు మెదపకూడదు, నవ్వు అసలే కూడదు. అది తాతలనాటి కట్టుబాటు. తల్లులు పిల్లల నోళ్లు చేత్తో మూసి పట్టుకున్నారు.

సారు మీట నొక్కాడు. చక్రం కదిలింది. ఢామ్మనే చప్పుడు కోసం పేరమ్మ చెవులు రిక్కించింది. చప్పుడు రాలేదు. చక్రం మెత్తగా తిరుగుతూనే ఉంది. సారే తెల్లబోయి చూస్తున్నాడు.

అప్పుడు తట్టింది పేరమ్మకి. టీవీలోనైనా పాలెంలోనైనా ఇన్నాళ్లూ నవ్వు ముందు, పేలుడు తర్వాత. ఇవాళ నవ్వేవాళ్లు లేరు.

ఒక్క నవ్వు చాలు, ఈ యంత్రం ముక్కలైపోతుంది. తన మొగుడు మళ్లీ ఎప్పుడైనా రాగల మనిషిగానే మిగిలిపోతాడు. నవ్వుకి కరువా ఏమిటి? పెళ్లైన కొత్తలో నాయుడుపేటలో నల్ల కళ్లజోడు కొనుక్కుని, మసక చీకట్లో అది పెట్టుకునే పక్కింట్లోకి నడిచి, "మే, కూడు పెట్టు" అని పీట వేసుకుని కూర్చున్నాడు కదా పోలేరయ్య! ఆ పక్కింటామె అరిచిన అరుపు! తలుచుకోగానే నవ్వు పొట్టలోంచి గొంతుదాకా తన్నుకొచ్చింది.

అంతలో చూపు మంచం మీద పడింది. ముసలమ్మ మోచెయ్యి ఊని తల ఎత్తి నీళ్లకేసి చూస్తోంది. పెదాలు ఎండి విడిపోయి ఉన్నాయి. దాహం ఎవరిదో పేరమ్మకి అప్పుడు కనిపించింది. తనకి మొగుడి మీద ఎంత ఆశ ఉందో, ఈమెకి బిడ్డ మీద అంత బెంగ ఉంది. పైట చెంగు నోట్లో కుక్కుకుని పళ్లతో గట్టిగా కరిచిపట్టింది. నవ్వు లోపలే అణిగిపోయింది.

అలలన్నీ ఆగాయి. ఒక్క చిన్న అల మాత్రం నడిచొచ్చి, మంచం కోడు దగ్గర ఒకటి వదిలి వెనక్కి పోయింది. నల్ల మొలతాడు, దానికి వెండి తాయెత్తు. బతికుండగా మగవాడి ఒంటి మీంచి అది దిగదని అక్కడున్న అందరికీ తెలుసు.

"నా బిడ్డదే. నా చేత్తో కట్టిందే" అంది ఆదిశేషమ్మ.

సారు వేలెత్తలేదు. సిద్ధాంతం మాటే ఎత్తలేదు. పేరమ్మ దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగాడు. "ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

"ఏడవాల సారూ."

ఆయన ఆమె పక్కన ఇసకలో కూర్చున్నాడు. ఆయన బుగ్గల మీది నల్లగీత తడిసి, మొదటిసారి చెరిగి కారింది. అది మళ్లీ కొత్తగా అవలేదు.

కర్మ జరిగింది. ఆదిశేషమ్మ తన చేత్తోనే నీళ్లు వదిలి, తర్వాత చెంబెత్తి తానూ గటగటా తాగింది. ఆ సాయంత్రం పేరమ్మ వండిన కూడు ఇద్దరూ వేడిగా తిన్నారు. మూతపెట్టి ఉంచడానికి ఏమీ మిగల్లేదు. గిన్నెలు కడిగి, పేరమ్మ తలుపు దగ్గరకి వేసి గడియ మీద చెయ్యి పెట్టింది. ఉప్పుగాలికి తుప్పుపట్టి అది కదల్లేదు. రెండు చేతులా లాగింది. అయినా కదల్లేదు. తలుపుకి నుదురు ఆనించి నిలబడిపోయింది.

వెనక మంచం కిర్రుమంది. ఆదిశేషమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి, కోడలి చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి గడియ పెట్టారు.