అద్దంలోని అమరిక

పన్నెండు గంటలకు ఎక్స్‌రే కిరణాల దగ్గర నెవియా వంతు అయిపోతుంది. రెండేళ్ల శ్రమలో ఆమెకు మిగిలింది ఉప్పురవ్వంత ప్రోటీన్ స్ఫటికం ఒక్కటే. అందులోని ప్రోటీన్ రూపం తెర మీద ఇంకా పొగమంచులాగే ఉంది.

"ఇంకాస్త గట్టి కిరణం వదలనా, అమ్మాయ్?" అన్నాడు యంత్రం నడిపే లివియో.

"మాడిపోతుంది, బాబాయ్!"

"మాడితే మాడనీ. ఇంకో ఇరవై నిమిషాల్లో తర్వాతి వంతు జాగ్రెబ్ వాళ్లది, వచ్చి తలుపు బాదుతారు. వదలమనవు, వద్దనవు, నన్ను మాత్రం నిలబెట్టి చంపుతావు!"

నెవియా లేచింది, మళ్లీ కూర్చుంది. మెడలోని మరియ తల్లి పతకాన్ని గట్టిగా పట్టుకుంది. "సరే" అనబోయి ఆగింది. స్ఫటికంలో గుర్తు కోసం చేర్చిన సెలీనియం పరమాణువులు ఎక్కడున్నాయో లెక్కలో తేలింది. కానీ ఆ అమరికకూ, అద్దంలోని దాని ప్రతిబింబానికీ లెక్క తేడా చెప్పలేదు. రెండింటినీ వేసి చూడాలి. తొందరలో తాను ఒకదాన్నే చూసిందని ఇప్పుడు తట్టింది.

"చెయ్యి తియ్యి, బాబాయ్! ముట్టుకోకు!" అని అరిచి, కంప్యూటర్‌లో అమరికను దాని ప్రతిబింబంగా తిరగేసింది.

మంచు విడిపోయింది. ప్రోటీన్ గొలుసు కుడివైపుకు మెలికలు తిరుగుతూ తేటగా కనిపించింది.

"కాల్చకుండానే దొరికిందే!" అన్నాడు లివియో.

ప్రాణమున్నవాటిలో ఈ మెలికను దేవుడు ఇటువైపే ఎందుకు తిప్పాడో అడగాలనిపించింది నెవియాకు. ముందు ఫైలు భద్రపరిచింది.