ఎగ్గర్ తెచ్చిన కొత్త తుపాకీ

తుపాకుల గురించి నాకు తెలిసిందంతా చచ్చిన జంతువుల లోపల చూసి తెలుసుకున్నదే. ఇక్కడ ఆఫ్రికాలో, ఒమరూరు ఊరికి పడమరగా ఉన్న వోల్కర్ దొర ఫారంలో ఇరవై ఆరేళ్ళుగా నేను జంతువుల జాడ తీస్తున్నాను, వేట పడ్డాక తోలు ఒలుస్తున్నాను. ఏ గుండు ఏం చేస్తుందో దుకాణంలో అట్టపెట్టె మీద ఒకలా రాసి ఉంటుంది. కత్తి పెట్టి కోశాక నాకు ఇంకోలా కనిపిస్తుంది. అందుకే దొర కూతురు ఇంకెన్, వేటకు వచ్చేవాళ్ళకు ఉత్తరం రాసేముందు నా పాకలోకి వచ్చి ఉప్పు బస్తా మీద కూర్చుని అడుగుతుంది.

ఆ మార్చిలోనూ అలాగే వచ్చింది.

"మామా, గ్రాజ్ ఊరి నుంచి ఎగ్గర్ అని ఒకాయన. టైల్స్ వ్యాపారం. ఓరిక్స్, హార్టెబీస్ట్, స్ప్రింగ్‌బాక్ జింకల్ని కొట్టాలట. ఏ తుపాకీ తెచ్చుకోమంటారని అడుగుతున్నాడు. ఏం రాయను?"

"ఇంట్లో ఏదుంది ఆయనకి?"

"త్రీ నాట్ ఎయిట్. పదేళ్ళుగా దాంతోనే అడవిపందుల్ని కొడుతున్నాడట."

"ఇంకేం, అదే తెమ్మను. కొత్తది కొనొద్దని రాయి. గుండు మాత్రం బరువైనది, ఎముక తగిలినా చెదరనిది తెచ్చుకోమను. మన మైదానాల్లో తిరిగేవాటికి అంతకు మించి అక్కర్లేదు. ఇక్కడేం ఏనుగులున్నాయా?"

"దుకాణంవాడు ఇంకా పెద్దది అంటగడతాడు చూడు."

"దుకాణంవాడు ఎప్పుడైనా దెబ్బతిన్న ఓరిక్స్ వెనకాల నడిచాడా?"

ఇంకెన్ నవ్వింది. నేను చెప్పింది చెప్పినట్టే రాసింది. చాలా సంతోషం, మీ సలహా పాటిస్తానని ఎగ్గర్ దగ్గర్నుంచి జవాబు కూడా వచ్చింది.

జూన్‌లో మనిషి దిగాడు. యాభై దాటి ఉంటాడు. ఎర్రటి మెడ, మడత నలగని చొక్కా. అరుగు మీద పెట్టె తెరిచాడు. లోపల ఇంకా నూనె వాసన కొడుతున్న త్రీ హండ్రెడ్ మాగ్నం, పాతదానికంటే గట్టిగా తన్నే పెద్ద తుపాకీ. కొని నెల కూడా కాలేదు. దాని మీద దుర్బిణి నా మోచేయంత ఉంది.

"పాతది తీసుకురాలేదా?" అంది ఇంకెన్.

"పందులకి సరిపోతుందమ్మా అది. ఆఫ్రికాకి వస్తూ ఎవడైనా త్రీ నాట్ ఎయిట్ తెచ్చుకుంటాడా? మా క్లబ్బులో నవ్వుతారు" అన్నాడు.

తూటాల పెట్టె తీసుకుని చూశాను. తేలిక గుండ్లు, పల్చటి పైతొడుగు. దూరాన కాగితం మీద చుక్కలు పెట్టడానికి పనికొస్తాయి. దగ్గర్లో పెద్ద జంతువు ఎముకకు తగిలితే పెంకులాగ పగిలిపోతాయి. ఆ మాట దొరకు మెల్లిగా మా భాషలో చెప్పాను. దొరకు మా డమరా భాష నాకంటే బాగా వచ్చు. విని తల పంకించాడు, అంతే.

గురి చూసుకునే బల్ల దగ్గరికి తీసుకెళ్ళాం. మొదటి మూడు గుండ్లూ నూరు గజాల దూరంలో ఉన్న అట్ట మీద మూడు మూలలకు పోయాయి. గాలి అన్నాడు. ఆకు కదలడంలేదు. నాలుగోసారి తూటా పెట్టి ఇస్తానని ఇంకెన్ తుపాకీ చేతిలోకి తీసుకుని, ఏమీ పెట్టకుండానే మూసి ఇచ్చింది. ఆయన చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమంది. గుండు లేదు, పొగ లేదు, భుజానికి తన్ను లేదు. అయినా ఆయన రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు, భుజం ముందుకు తోశాడు, గొట్టం జానెడు కిందికి పోయింది.

అందరం చూశాం. తుపాకీ తన్నుతుందని ముందే భయపడే మనిషి చేతిలో ఏ కొలత గొట్టం పెట్టినా ఒకటే.

"చూశారా, మీరు ఉలిక్కిపడుతున్నారు" అంది ఇంకెన్ మర్యాదగానే. "సిగ్గుపడాల్సిందేం లేదు, అందరికీ అవుతుంది. నా ఏడు మిల్లీమీటర్లది ఇస్తాను. మెత్తగా ఉంటుంది. మా నాన్న నలభై ఏళ్ళు దాంతోనే వేటాడాడు."

"నాతో ఆటలాడుతున్నావా?" ఎగ్గర్ మెడ ఇంకా ఎర్రబడింది. "ఖాళీ తుపాకీ ఇచ్చి నవ్వుకోడానికా నేను ఇంత దూరం వచ్చింది? వోల్కర్, నీ కూతురికి చెప్పు."

ఎగ్గర్ వచ్చే ఏడాది తన క్లబ్బు వాళ్ళను ఎనిమిది మందిని తెస్తానని మాటిచ్చి ఉన్నాడు. దొర మట్టి వంక చూశాడు. "పోన్లే ఇంకెన్. ఆయన తుపాకీ ఆయనిష్టం" అన్నాడు.

నేను కూడా ఆయన తూటాల పెట్టె ఎత్తి లారీలో పెట్టాను. లారీ వెనకెక్కి నా చోట్లో నిలబడ్డాను. ఆ పూట తల్చుకుంటే ఎగ్గర్ మీదకంటే నా మీదే నాకు రోత పుడుతుంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఓరిక్స్ ఆడది ఒకటి కనిపించింది. గొడ్డుపోయిన ముసలిది, మందనుంచి విడిగా ఉంది. కొట్టడానికి తగినదే. నూటయాభై గజాల్లో అడ్డంగా నిలబడి మమ్మల్నే చూస్తోంది. అంతకంటే సులువైన గురి ఎవరికీ దొరకదు. ఎగ్గర్ ఊతకర్రల మీద తుపాకీ ఆనించి కాల్చాడు. చెవులు గింగురుమన్నాయి. జంతువు భుజం మీద దుమ్ము లేచింది. ఓరిక్స్ మోకాళ్ళ మీద పడి, లేచి, మూడు కాళ్ళ మీద ముళ్ళపొదల్లోకి దూరింది.

"పడిపోతుంది! అక్కడే పడి ఉంటుంది చూడండి!" అని గంతులేశాడు.

అక్కడ పడలేదు. జాడ పట్టుకుని నడిచాం. నెత్తుటి చుక్కలు, వాటి పక్కన ఎముక ముక్కలు, వెంట్రుకలంటుకున్న తోలు పేలిక ఒకటి. లోతుగా దిగిన గాయమైతే నురగ రక్తం పడాలి. పడలేదు. రెండు గంటలు నడిచాక ఎగ్గర్ ఒక చెట్టు కింద కూలబడ్డాడు.

"కాళ్ళు బొబ్బలెక్కాయి. మీరు వెతికి పెట్టండి, నేను లారీ దగ్గరుంటాను. తినడానికేమైనా ఉందా?"

మాంసం వరుగుల సంచి ఆయన చేతిలో పెట్టి నేనూ ఇంకెనూ ముందుకు పోయాం. మధ్యాహ్నం మూడింటికి దొరికింది. వట్టి వాగు గట్టుకు వీపు ఆనించి, కొమ్ములు మా వైపు దించి నిలబడి ఉంది. భుజం మీద నా టోపీ అంత గొయ్యి. ఈగలు నల్లగా ముసిరి ఉన్నాయి. లోపల తెల్లటి ఎముక విరిగి, ప్రతి ఊపిరికీ అటూ ఇటూ కదులుతోంది. ఏడు గంటలు అలా నడిచింది అది. ఇంకెన్ తన తుపాకీతో ఒక్కటే కొట్టింది. నిలబడ్డ చోటే కూలింది.

ఇంకెన్ రేడియోలో కబురు పంపితే ఎగ్గర్ లారీలో వచ్చాడు. వచ్చీ రాగానే గడ్డం దువ్వుకున్నాడు.

"ఫొటో తియ్యాలి. ఆ వైపు వద్దు, బాగోలేదు. ఇటు తిప్పు" అన్నాడు నాతో.

తిప్పాను. నాలుక లోపలికి నెట్టాను. మూతికి అంటిన నెత్తురు నీళ్ళతో కడిగాను. ఇరవై ఆరేళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే చేసేశాయి. ఎగ్గర్ కొమ్ములు పట్టుకుని పళ్ళు కనిపించేలా నవ్వాడు.

"చాలా మొండి జంతువు" అన్నాడు లేస్తూ. "ఈ తుపాకీ చాల్లేదు. వోల్కర్ దగ్గర ఇంకా పెద్దది ఉండాలే?"

ఇంకెన్ పక్కకు వెళ్ళి ఉమ్మేసింది. ఆ పిల్ల ఉమ్మడం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం పాకలో తోలు తీశాను. గుండు వేలెడు లోతుకు మించి పోలేదు. భుజం ఎముక మీదే తునాతునకలై, మాంసమంతా నల్లటి గుజ్జులా చేసింది. ఆ ముందుకాలు మా ఇళ్ళకు రావలసిన వాటా. పనివాళ్ళం నాలుగిళ్ళవాళ్ళం పంచుకుంటాం. అది మేం తినడానికి పనికిరాదు, కుక్కలకు వేస్తే అవి సీసపు ముక్కలు తింటాయని భయం వేసింది. ఆ భుజాన్ని రెండు చేతులా ఎత్తుకుని అరుగు మీదికి నడిచాను. వాళ్ళు బీరు తాగుతూ సాసేజిలు తింటున్నారు. పళ్ళాల మధ్య ఖాళీ ఉన్నచోట పెట్టాను.

"ఏమిటిది?" అన్నాడు ఎగ్గర్ కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

"మీ గుండు చేసిన పనండీ. వేలు పెట్టి చూడండి. లోపలికే పోలేదు."

"ఛీ, కంపు! భోంచేస్తుంటే ఈ అసహ్యమేమిటి? తీసెయ్ ముందు!"

"అదేనండీ, మాకూ అసహ్యంగానే ఉంది."

"ఎలిఫాస్!" దొర గద్దించాడు. "తీసుకుపో."

ఇంకెన్ లేచి నిలబడింది. "రేపు నా తుపాకీ అయితే వెళ్దాం నాన్నా. లేకపోతే నేను రాను."

"ఆడవాళ్ళ తుపాకీ పట్టుకుని నేను తిరగను" అన్నాడు ఎగ్గర్. సాసేజి ఇంకోటి పళ్ళెంలో వేసుకుని, "ఇంతకీ కొమ్ములు ఎంత పొడవున్నాయి? కొలిచారా?" అన్నాడు.

మర్నాడు దొర తన ఇనప్పెట్టెలోంచి త్రీ సెవెంటీ ఫైవ్ తీసిచ్చాడు. అడవిదున్నలకు వాడేది. అది తన్నే తన్నుకు మామూలు మనుషుల పళ్ళు కదులుతాయి. నిన్నటిదానికే కళ్ళు మూసుకున్నవాడికి అది!

"ఎక్కు ఎలిఫాస్."

"నేనెక్కను దొరా."

"జాడ ఎవరు తీస్తారు?"

"జాడ తియ్యాల్సిన అవసరం లేకుండా కొట్టమనండి."

దొర నా మొహంలోకి చూసి లారీ తోలుకుపోయాడు. పదకొండింటికి తిరిగొచ్చాడు. ఒక్కడే దిగి నా గుమ్మం ముందు నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది.

"హార్టెబీస్ట్. కడుపులో తగిలింది. వెతికాం, దొరకలేదు. రారా."

నేను ఎక్కకపోవడం వల్లే ఇలా అయిందా అనిపించింది. ఎక్కినా ఆయన కాల్చేది కడుపులోనే. కానీ నేనుంటే వెంటనే పట్టేవాళ్ళం. కత్తి, నీళ్ళ సీసా తీసుకున్నాను. ఎగ్గర్ అరుగు మీద భుజానికి మంచు సంచి పెట్టుకుని కూర్చున్నాడు. దొర ఆయన దగ్గరికి వెళ్ళి, "లేవండి. మీరూ వస్తున్నారు. ఈసారి లారీలో కూర్చోరు" అన్నాడు.

పొద్దు వాలేదాకా నడిచాం. తన తుపాకీ తీసుకుని ఇంకెన్ కూడా వచ్చింది, మొత్తం నలుగురం. జాడ పట్టడం కష్టం కాలేదు. నెత్తురు కాదు, అరగని గడ్డి పడుతూ పోయింది, పచ్చగా, కంపు కొడుతూ. చివరికి నక్కల అరుపు వినిపించింది. ఆ ఎర్రటి హార్టెబీస్ట్ ఇంకా బతికే ఉంది. కూర్చుని తల పైకెత్తుకుని ఉంది. పేగులు బయటికి వేలాడుతుంటే రెండు నక్కలు వాటిని పట్టి లాగుతున్నాయి. మమ్మల్ని చూసి కొంచెం దూరం పోయి నిలబడ్డాయి.

ఇంకెన్ తన తుపాకీ ఎగ్గర్ చేతికిచ్చింది. "కొట్టండి" అంది.  పది అడుగుల దూరం. ఎగ్గర్ తల అడ్డంగా ఊపి వెనక్కి తిరిగాడు. దొర ఆ తుపాకీ లాక్కుని తనే కొట్టాడు. తర్వాత పొద వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. నలభై ఏళ్ళుగా వేటాడుతున్నవాడు ఆయన. ఎగ్గర్ మాత్రం నీళ్ళు తాగి, "ఈ రోజుకి ఇక చాలు, వెళ్దాం" అన్నాడు.

ఆ సాయంత్రమే దొర రెండు తుపాకులూ ఇనప్పెట్టెలో పెట్టి తాళం జేబులో వేసుకున్నాడు. "మిగిలిన రెండ్రోజులూ కావాలంటే ఇంకెన్ తుపాకీ. వద్దంటే కుర్చీ వేసుకుని పక్షుల్ని చూసుకోండి" అని చెప్పాడు. ఎగ్గర్ గొణిగాడు, క్లబ్బు పేరెత్తాడు. దొర వినిపించుకోలేదు.

ఆఖరి పొద్దున్న ఆ ఆడవాళ్ళ తుపాకీతో ఎగ్గర్ ఒక స్ప్రింగ్‌బాక్‌ను కొట్టాడు. ఎనభై గజాలు. కళ్ళు మూసుకోలేదు, గొట్టం కిందికి పోలేదు. జింక నాలుగడుగులు కూడా వెయ్యలేదు. ఒలిస్తే గుండె మధ్యలోంచి సన్నటి తూటు, పిడికెడు మాంసం కూడా పాడుకాలేదు. బాగా కాల్చగలడు మనిషి. ఇంట్లో ఉన్న పాతది తెచ్చుకుని ఉంటే మొదటి రోజూ అలాగే కాల్చేవాడు. అది తెలిశాక నాకు ఇంకా వెగటు పుట్టింది.

"చూశావా? నేను చెప్పలేదూ!" అని నా వీపు చరిచాడు. "ఇవాళ గాలి లేదు, అందుకే."

ఓరిక్స్ కొమ్ములు, హార్టెబీస్ట్ కొమ్ములు రెండూ కట్టించుకుని పోయాడు. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పాకలోకి వెళ్ళి ఆ చెయ్యి ఉప్పు నీళ్ళలో మోచేతిదాకా ముంచి కడుక్కున్నాను.

తర్వాత నెలలో ఇంకెన్ వేటకొచ్చేవాళ్ళందరికీ కొత్త ఉత్తరం రాసింది. నాకు చదివి వినిపించింది. బల్ల దగ్గర గురి కుదరనివాళ్ళు మా తుపాకీతోనే వేటాడాలి, కాల్చినదాని వెనకాల చివరిదాకా నడవాలి. కింద దొర సంతకం ఉంది. గ్రాజ్ క్లబ్బువాళ్ళు ఎనిమిది మందీ రావడం లేదని రెండు వరుసల జవాబు పంపారు.

దొర ఆ కాగితం పట్టుకుని పాకలోకి వచ్చాడు. "చూశావుగా. పోయారు" అన్నాడు. కోపమో నిట్టూర్పో తెలియలేదు.

"పోనివ్వండి దొరా" అన్నాను.

ఆయన చొక్కా చేతులు మడిచి, నా ముందున్న తోలు రెండో అంచు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి దానికి ఉప్పు రుద్దాం.